తూరుపు గది ఇసుక

సువర్చల కనిపెట్టిన యంత్రం మొట్టమొదట పలికిన మాట, "పాలు మళ్ళీ పొంగించేశారా?"

ఆ గొంతు ఆమెదే. కాకినాడలో ఒక ఇంజనీరింగు కాలేజీలో కాంక్రీటు ప్రయోగశాల ఆమె చేతికింద నడుస్తుంది. వంతెనల స్తంభాల్లో కంటికి కనపడని పగుళ్ళను పట్టుకోవడానికి కొన్నేళ్ళుగా ఒక పరికరం తయారుచేస్తోంది. కాంక్రీటు ముక్కను పల్చగా, పొర తర్వాత పొర అరగదీస్తూ, ఒక్కో పొర మీదా సన్నని సూదిమొన నడిపిస్తుంది. సూది వణుకును కంప్యూటరు రాసుకుంటుంది. లోపల పగులుంటే ఆ వణుకు తెగుతుంది. ఆ రోజు తెగలేదు సరికదా, తీరానికి అల వచ్చినట్టు లేస్తూ పడుతూ వచ్చింది. ఏదో తోచి దాన్ని స్పీకరుకు కలిపింది. ముందు గరగరమంది. తర్వాత ఫ్యాను చప్పుడు. ఆ తర్వాత, కిందటి నెల ఆ ముక్క పోసినప్పుడు తను ఫోనులో మొగుణ్ణి కోప్పడ్డ మాట.

ఆమె స్టూలు దగ్గరికి లాక్కుని మళ్ళీ వింది. అసలు సంగతి అర్థం కావడానికి ఇంకో వారం పట్టింది. తడి సిమెంటు గట్టిపడేటప్పుడు లోపల పటికబెల్లం కట్టినట్టు స్ఫటికాలు పెరుగుతాయి. పెరిగే కొసలు చుట్టుపక్కల చప్పుడుకు వణుకుతాయి. ఆ వణుకు అలాగే బిగుసుకుపోతుంది. గట్టిపడ్డ కాంక్రీటు ఇంకేమీ వినదు. మెత్తగా ఉన్న ఆ కాసేపట్లో విన్నది మాత్రం పోగొట్టుకోదు.

ఇంట్లో వంట భర్త భానోజీది. సువర్చల ఈ వార్త చెప్పేసరికి అతను పండుగప్ప చేప పులుసులో చింతపండు రసం పోస్తున్నాడు. గరిటె పక్కన పెట్టి, ఆమె ఫోనులో ఆ మాట రెండుసార్లు విన్నాడు.

"గోడలకి చెవులుంటాయని మా మామ్మ అనేది," అన్నాడు చివరికి. "నోరు కూడా ఉందని నువ్వు తేల్చావు. కానీ సువర్చలా, రేపు ఈ యంత్రాన్ని లోకానికి చూపిస్తే, నేను పాలు పొంగించే మనిషినని అందరికీ తెలిసిపోదూ?"

"తెలియనివ్వండి. పులుసు బాగా పెడతారని కూడా చెప్తాలెండి."

భానోజీ తీర నిర్మాణాల విభాగంలో ఇంజనీరు. సముద్రపు ఒడ్డున తుఫాను షెల్టర్లు, కరకట్టలు కట్టించే ఆఫీసు అది. రెండేళ్ళ కిందట అతన్ని ఆ ఆఫీసుకు పౌర సమాచార అధికారిని చేశారు. ప్రభుత్వ లెక్కల గురించి జనం అడిగినదానికి సమాచార హక్కు చట్టం ప్రకారం జవాబు ఇవ్వాల్సిన పని. అడిగేవాళ్ళు కోప్పడతారు, ఇస్తే పైవాళ్ళు కోప్పడతారు కాబట్టి ఆ కుర్చీ ఎవరికీ అక్కర్లేదు. భానోజీ స్వతహాగా భయస్తుడు. దరఖాస్తు వచ్చిన రోజు అతనికి అన్నం అరగదు. సువర్చల వాము వేసి మజ్జిగ చేసి ఇస్తుంది. అయినా ఇన్నాళ్ళలో ఒక్క దరఖాస్తునూ అతను సొరుగులో తొక్కిపెట్టలేదు.

సూరాడ నూకరత్నం దరఖాస్తు వచ్చిన రోజు కూడా వాము మజ్జిగే అయింది.

నూకరత్నానిది గుల్లలపేట, సముద్రాన్ని ఆనుకున్న చేపలవాళ్ళ ఊరు. భర్త ఎల్లాజీ వేటకెళ్ళిన పడవ తిరగబడి పోయి చాలా ఏళ్ళయింది. ఆమె ఎండుచేపల వ్యాపారం చేసుకుంటుంది. కూతురు ఈశ్వరి ఆ ఊళ్ళోనే అంగన్‌వాడీ టీచరు. తల్లి అడుగుతుంది, కూతురు రాస్తుంది. అలా ఊరికి రేషను డిపో తెప్పించారు, ఆగిపోయిన పింఛన్లు కదిలించారు. ఈసారి అడిగింది తుఫాను షెల్టరు గురించి.

"పెచ్చులూడిపోతన్నాయండి," అంది నూకరత్నం, భానోజీ బల్ల ముందు కుర్చీలో కూర్చుని. "లోపల ఊసలు తుప్పట్టి ఎర్రగా ఆపడతన్నాయి. గాలొత్తే ఊరంతా దూరేది అందులోకేనండి. దానికెంత కర్చెట్టారు, ఏ సరుకు కొన్నారు, ఎవరు కట్టారు, అయ్యన్నీ కావాలి."

భానోజీకి ఈ ప్రశ్నకు జవాబు తెలుసు. అందుకే అతని ముఖం వాడిపోయింది. "ఆ ఫైలు లేదమ్మా. వరదల్లో రికార్డు గది మునిగినప్పుడు పోయిందని రాసి ఉంది."

"కాయితం మునిగిపోనాదండి, బిల్డింగు మునగలేదు కదా?"

భానోజీ ఆమెను చూశాడు. తర్వాత అలమరలోంచి చట్టం పుస్తకం తీశాడు. అందులో ఎవరూ పెద్దగా వాడని ఒక మాట ఉంది. ప్రభుత్వం కట్టిన పనిని పౌరుడు స్వయంగా చూడవచ్చు, ఆ పనిలో వాడిన సరుకు నమూనా అడిగి తీసుకోవచ్చు. భానోజీ ఆ పేరా మీద వేలు పెట్టి నెమ్మదిగా చదివి వినిపించాడు.

"అంటే గోడ ముక్కడగొచ్చా?"

"అడగొచ్చు. అడిగితే నేను ఇవ్వాలి."

నూకరత్నం సంచిలోంచి తెల్లకాగితం తీసింది. "అయితే ఎలా రాయాలో మీరే దీని మీద రాసిపెట్టండి బాబూ. మా ఈశ్వరి రేపు రాసి అంపుతాది."

ముక్క కోసే రోజున గుల్లలపేట సగం అక్కడే ఉంది. షెల్టరులో రెండు పెద్ద గదులు. సముద్రం వైపుది తూరుపు గది, ఊరి వైపుది పడమర గది. నూకరత్నం పడమర గదిలో పెచ్చులూడిన స్తంభాన్ని చూపించింది. డ్రిల్లు తిరుగుతుంటే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని అక్కడే నిలబడింది. చేతి మందాన గుండ్రటి ముక్కలు రెండు బయటికి వచ్చాయి. ఒకటి సీలు వేసి ఆమెకు ఇచ్చారు. ఇంకొకటి పరీక్షకు పంపాలి. జిల్లాలో ఆ పరీక్ష చేసే ప్రయోగశాల ఒక్కటే ఉంది.

"మీ ఆవిడ దగ్గరికే వెళ్తుంది," అన్నాడు పై అధికారి నవ్వుతూ. ఆ నవ్వులో ఏముందో భానోజీకి అర్థమై, ఆ సాయంత్రమే భార్యతో అన్నాడు: "నువ్వు నాకు ఒక్క ముక్క కూడా ముందు చెప్పొద్దు. అందరికీ ఇచ్చినట్టే నాకూ రిపోర్టు ఇవ్వు."

"ఎప్పుడైనా చెప్పానా? మీరే అన్నం తినకుండా నా ముఖంలోకి చూస్తూ కూర్చుంటారు."

రిపోర్టులో ఉప్పు తేలింది. కాంక్రీటులో ఉండాల్సినదానికి ఎన్నో రెట్లు. ఉప్పు లోపలి ఇనుమును తినేస్తోంది. నది ఇసుక వాడాల్సిన చోట సముద్రపు ఇసుక వాడితే జరిగేది అదే. పై అధికారి రిపోర్టు తిరగేసి, "సముద్రపు గాలి. ఒడ్డున ఉన్న ప్రతి గోడకీ ఉప్పు పడుతుంది. అదే రాసి దరఖాస్తు ముగించెయ్," అన్నాడు. సముద్రపు గాలి ఎంత ఉప్పు తెస్తుందో, ఇసుకతో ఎంత వచ్చిందో విడదీసి చెప్పడం సువర్చల పరీక్షకు కూడా చేతకాలేదు.

వారం తర్వాత వంటింట్లో ఆమె అడిగింది. "నమూనాలో ఉప్పుంటే అది జనానికి చెప్పాలి కదా. మాటలుంటే?"

భానోజీ కూర తరుగుతున్న కత్తి ఆపాడు. "విన్నావా?"

"వినలేదు. మీరు వినమంటే విందామని ఆగాను."

అతను చేతులు కడుక్కుని, చట్టం పుస్తకం తెచ్చి భోజనాల బల్ల మీద పెట్టాడు. ఇద్దరూ పక్కపక్కనే కూర్చుని చదివారు. నమూనా అని ఉంది. సమాచారం ఏ రూపంలో ఉన్నా అని ఉంది. కాంక్రీటు విన్న మాటల సంగతి ఆ చట్టం రాసినవాళ్ళకు తట్టి ఉండదు.

"ఉప్పు ఇచ్చి మాట దాచుకునే హక్కు నాకెక్కడుంది?" అన్నాడు భానోజీ. అని వెంటనే పోపుల డబ్బా కేసి చూశాడు. "వాము ఉందా?"

మర్నాడు మధ్యాహ్నం ప్రయోగశాలలో ఇద్దరూ కలిసి విన్నారు. ముందు అలల చప్పుడు, పారతో కలిపే చప్పుడు, ఎవరో ఖాళీ డబ్బాలు దొర్లిస్తున్న చప్పుడు. గుత్తేదారుది కాబోలు, ఒక పెద్ద గొంతు వినిపించింది. "గోదారి ఇసక వచ్చింది ఇంతే. మిగతాది కూడా ఇలాగే ఒడ్డున తవ్వెయ్యండి. బిల్లు మొత్తం గోదారి ఇసకకే రాస్తున్నాం, ఎవడడుగుతాడు?"

"ఉప్పిసకండి అది," అంది ఇంకో గొంతు. కుర్ర గొంతు. "ఊసల్ని తినేత్తాదండి."

"నీ ఇల్లా ఇది? ఇదిగో, ఇది ఉంచు."

పారల చప్పుడు కాసేపు ఆగింది. అలలు మాత్రమే వినపడ్డాయి.

"సరేనండి," అంది ఆ కుర్ర గొంతు. తర్వాత కాస్త తగ్గి, "ఒక్కటండి. ఉన్న గోదారిసక రేపు పోసే తూరుపు గదికి వాడనివ్వండి. సముద్రం మీదకొచ్చేది అటేపునుంచే కదండి. ఆ గది నిలబడితే మా ఆడోళ్ళూ పిల్లలూ అందులో కూకుంటారు."

"నీ ఇష్టం ఎల్లాజీ, నాకు లెక్క తేలితే చాలు."

సువర్చల యంత్రం ఆపింది. భానోజీ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటున్నాడు.

"ఎల్లాజీ అన్నాడు కదూ?" అన్నాడు. "దరఖాస్తులో ఆవిడ పేరు పక్కన రాసి ఉంది. సూరాడ నూకరత్నం, భర్త కీర్తిశేషులు ఎల్లాజీ."

పై అధికారికి చెప్పక తప్పదు. ఆయన విని, ఈసారి నవ్వలేదు. "స్తంభాలు మాట్లాడాయని ఆఫీసు కాగితం మీద రాస్తే నిన్ను పిచ్చాసుపత్రికి పంపుతారు భానోజీ. పైగా అది చనిపోయిన మనిషి సొంత సంభాషణ. వ్యక్తిగతం అని తోసెయ్."

"వ్యక్తిగతమైతే ఆ మనిషిని అడగాలండి. ఇతరుల సంగతి బయటపెట్టేముందు వాళ్ళకి కబురు చెయ్యాలనుంది. మనిషి లేకపోతే వాళ్ళ ఇంట్లోవాళ్ళని." భానోజీ చట్టం పుస్తకం తెరిచి ఆయన ముందు పెట్టాడు. "దరఖాస్తు పెట్టిందీ ఆవిడే, అడగాల్సిందీ ఆవిణ్ణే."

ఆయన ఫ్యానుకేసి చూసి, "నీ సంతకమే ఉంటుంది, నాది ఉండదు," అన్నాడు.

ఆ సంతకం చేసిన కాగితం పట్టుకుని భానోజీ స్వయంగా గుల్లలపేట వెళ్ళాడు. తల్లీకూతుళ్ళిద్దరినీ కారులో ప్రయోగశాలకు తెచ్చాడు. దారిలో ఏం చెప్పాలో తెలియక చేపల ధరల గురించి మాట్లాడాడు. లోపలికి వచ్చాక సువర్చల ఇద్దరికీ టీ ఇచ్చి, నూకరత్నం పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది.

"అమ్మా, మీ షెల్టరు ముక్కలో మనుషుల మాటలున్నాయి. కట్టేటప్పుడు మాట్లాడుకున్నవి. అందులో మీ ఆయన గొంతుంది."

నూకరత్నం టీ గ్లాసు కింద పెట్టేసింది. "ఆయన గొంతా? వేట లేనప్పుడు అక్కడ ఇసక కలిపే పనికెళ్ళేవోడు. మా దగ్గిర పోటో ఉందమ్మా. గొంతు లేదు."

"ఉంది. కానీ అందులో మీకు నచ్చని మాట కూడా ఉంది. వినాలా వద్దా అన్నది మీ ఇష్టం."

"పెట్టండమ్మా," అంది నూకరత్నం.

అలల చప్పుడు వచ్చింది. ఎల్లాజీ గొంతు "ఉప్పిసకండి అది" అనగానే నూకరత్నం లేచి నిలబడింది. స్పీకరు దగ్గరికి వెళ్ళి దాని మీద అరచెయ్యి ఆనించింది. ఆమె ముఖం విప్పారింది. ఈశ్వరికి తండ్రి గొంతు గుర్తు లేదు. తల్లి ముఖం చూసి ఆ గొంతు ఎవరిదో తెలుసుకుంది.

"ఇదిగో, ఇది ఉంచు," అంది పెద్ద గొంతు.

అలలు. ఆ తర్వాత, "సరేనండి."

చివరిదాకా విన్నారు. యంత్రం ఆగింది.

"మళ్ళీ పెట్టండి," అంది నూకరత్నం.

మళ్ళీ పెట్టింది సువర్చల. మూడోసారి కూడా పెట్టింది. అప్పుడు నూకరత్నం వచ్చి కూర్చుంది. "ఆ 'సరేనండి' నాకు తెలుసమ్మా," అంది. "ఇట్టం లేపోతే ఆయన అలాగే అంటాడు. నేను మా పుట్టింటికి ఎల్దామన్నా అలాగే అనేవోడు." నవ్వబోయింది. నవ్వు సగంలో ఏడుపైంది. "తీసుకున్నాడు. తీసుకున్నాడే! ఆ వారమే దీనికి కాకినాడలో కళ్ళజోడు కొన్నాడు. బడిలో బోర్డు ఆపడక రోజూ ఏడిసేది. ఎక్కడిదయ్యా అంటే, పనిలో మేస్త్రీ మెచ్చుకుని ఇచ్చాడన్నాడు."

ఈశ్వరి తల వంచుకుంది. ఆ కళ్ళజోడు ఎప్పుడో చిన్నదైపోయింది. దానితోనే ఆమె చదువుకుంది. ఆ చదువుతోనే ఈ దరఖాస్తులన్నీ రాసింది.

భానోజీ కాగితాన్ని నూకరత్నం ముందుకు జరిపాడు. "అమ్మా, చట్టప్రకారం మీరు వద్దనొచ్చు. ఇంకో దారి కూడా ఉంది. ఎల్లాజీ గారి మాటలు కోసేసి, ఆ గుత్తేదారు మాటలు మాత్రమే బయటపెట్టొచ్చు. ఇసుక సంగతి తేలడానికి అవి చాలు."

"అలాగే కోసెయ్యండి సార్," అంది ఈశ్వరి వెంటనే. "అమ్మా, ఊళ్ళో ఎలా తిరుగుతాం? నాన్న ఊరిని అమ్ముకున్నాడంటారు. ఈ షెల్టరు గురించి అడిగిందే మనం. ఎవరికి మొహం చూపిస్తాం?"

నూకరత్నం కూతురి చెయ్యి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. "కోసేత్తే రెండోది కూడా పోద్ది కదే."

"ఏ రెండోది?"

"తూరుపు గది. మంచిసక దానికెయ్యనివ్వండన్నాడు. అది ఆయన మాటే. ఆయన్ని కోసేత్తే అదెలా ఉంటాది? రేపు గాలొత్తే జనం ఏ గదిలో కూకోవాలో ఎవరు సెప్తారు?"

ఈశ్వరి తల్లి ఒళ్ళో తల దాచుకుంది. చాలాసేపు ఏడ్చింది. సువర్చల ఆమె వీపు రాస్తూ కూర్చుంది. తన యంత్రం ఇలాంటి పని చేస్తుందని ఆమె ఎప్పుడూ అనుకోలేదు. ఎక్కడో ఒక వంతెన కూలకుండా ఆపాలని మొదలుపెట్టింది. అది ఒక పిల్ల ఒళ్ళో ఆమె తండ్రి తప్పును తెచ్చి పెట్టింది.

"మొత్తం ఇచ్చేయండి బాబూ," అంది నూకరత్నం చివరికి. "కాయితం మీద ఏలిముద్ర కావాలా? సంతకం వచ్చు నాకు, ఇదే నేర్పింది."

ఎల్లాజీ మాట నిజమో కాదో తేల్చుకోవడానికి తూరుపు గది స్తంభం నుంచి కూడా ముక్క కోశారు. సముద్రానికి ఎదురుగా, ఉప్పుగాలి నేరుగా తగిలే స్తంభం అది. లోపల ఉప్పు లేదు. గాలి వాదం అక్కడితో పోయింది. పై అధికారి ఆ రిపోర్టు చదివి మారుమాటాడకుండా విచారణకు పంపాడు.

గ్రామసభలో నూకరత్నమే మైకు పట్టుకుంది. సువర్చల రికార్డింగు వినిపించింది. జనం చివరిదాకా విన్నారు. అయిపోయాక వెనక వరసలోంచి ఎల్లాజీతో పాటు పడవ మీద తిరిగిన కామేశు లేచాడు. "ఊరందరికోసమని కట్టింది! నీ మొగుడు మనోళ్ళందరినీ ముంచేశాడు గదే!"

"ముంచాడు, బావా," అంది నూకరత్నం. "సెప్పకుండా పోనాడు. నేను సెప్తన్నాను. పడమర గదిలో ఎవరూ పడుకోకండి. మీరు తిట్టుకోండి, నన్నూ తిట్టండి. తిట్టి తూరుపు గదిలో కూకోండి."

కామేశు తువ్వాలు దులిపి కూర్చున్నాడు. కొన్నాళ్ళు అతను ఆమె ఇంటి ముందు నుంచి వెళ్తూ ముఖం తిప్పుకున్నాడు. ఇంకొందరూ తిప్పుకున్నారు. అంగన్‌వాడీకి పిల్లల్ని పంపడం మాత్రం ఎవరూ మానలేదు. ఈశ్వరికి అది పెద్ద ఊరట.

పడమర గదిని పడగొట్టి కట్టమని ఉత్తర్వు వచ్చింది. కానీ పని మొదలయ్యేలోపే వాయుగుండం వచ్చింది. జనాన్ని బస్సుల్లో తరలించడం మొదలుపెట్టారు. సగంమంది వెళ్ళేసరికి రోడ్డు తెగిపోయింది. మిగిలినవాళ్ళు షెల్టరుకు చేరారు. పొద్దున్న గాలి మొదలైనప్పుడు తూరుపు గదిలో కాలు పెట్టడానికి చోటు లేదు. కామేశు తల్లి నడవలేని మనిషి. కామేశు ఆమెను మోసుకొచ్చి గుమ్మంలో నిలబడితే, నూకరత్నం జరిగి తన పక్కన చోటు చేసింది. అతను తల్లిని అక్కడ పడుకోబెట్టి గోడకు ఆనుకున్నాడు. ఆ రోజంతా వాళ్ళు మాట్లాడుకోలేదు గాని, ఒకే గిన్నెలో అటుకులు తిన్నారు.

మధ్యాహ్నానికి పడమర గది పైకప్పు ఒక పక్కకు ఒరిగి, పెద్ద చప్పుడుతో కింద పడింది. తూరుపు గది గోడలు అదిరాయి. పిల్లలు ఏడ్చారు. గది నిలబడింది. సాయంత్రం గాలి తగ్గాక తలుపు తీసి చూస్తే, పడమర గది ఉన్నచోట ఇనుప ఊసలు వంకర్లు తిరిగి ఉన్నాయి. ఎవరికీ దెబ్బ తగల్లేదు.

కామేశు ఆ ఊసల్ని చూసి వచ్చి నూకరత్నం ముందు నిలబడ్డాడు. "ఎల్లాజీగాడు రెండూ సేశాడు," అన్నాడు. ఆ మాట అని తల్లిని ఎత్తుకున్నాడు.

కాకినాడలో భానోజీ ఆ రోజంతా ఫోను పట్టుకుని వంటింట్లో తిరిగాడు. ఈశ్వరి నుంచి కబురు వచ్చాక స్టవ్ ముందు నేల మీద చతికిలబడ్డాడు. సువర్చల వచ్చి పక్కన కూర్చుంది. స్టవ్ మీద పాలు పొంగి పోతున్నాయి. ఈసారి ఇద్దరిలో ఎవరూ లేవలేదు.

ఆ తర్వాత ఈ సంగతి పేపర్లకెక్కింది. విచారణ మొదలైంది, గుత్తేదారు కోర్టుకు వెళ్ళాడు, కేసు నడుస్తోంది. దానితో పాటు ఇంకోటి జరిగింది. జిల్లాలో ఎక్కడ కాంక్రీటు పోస్తున్నా మనుషులు నోరు విప్పడం మానేశారు. మేస్త్రీలు చేతిసైగలతో పని చేయిస్తున్నారు. తట్టలు మోసే ఆడవాళ్ళు పాడుకోవడం లేదు. నమూనాల కోసం పనులు చూడటానికి వెళ్ళిన సువర్చల అది గమనించింది. తను రాగానే వాళ్ళు చూపు దించుకోవడం కూడా గమనించింది.

"దొంగమాటలు ఆగుతాయనుకున్నాను," అంది ఆ సాయంత్రం. "పాటలు ఆగిపోయాయండీ. తెల్లారి లేచి వచ్చి నోరు నొక్కుకుని పని చేస్తున్నారు. నా వల్ల."

భానోజీ పక్కన కూర్చున్నాడు. ఆమె తల నిమిరాడు.

దానికి జవాబు నూకరత్నం దగ్గర నుంచి వచ్చింది, మామూలుగానే దరఖాస్తు రూపంలో. కొత్త గది కాంక్రీటు పోసేటప్పుడు దాని ఖర్చూ, సరుకూ, ఎక్కడినుంచి తెచ్చారన్నదీ ఆ తడి కాంక్రీటు దగ్గరే, ఊరందరి ముందూ పైకి చదవాలని. అడక్కముందే ప్రభుత్వం జనానికి చెప్పాల్సినవి కొన్ని ఉన్నాయని చట్టంలోనే రాసి ఉందని ఈశ్వరి గుర్తుచేసింది. భానోజీ ఆ కాగితాన్ని పై అధికారి దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆయన చదివి, కళ్ళజోడు తీసి, ఈసారి తన సంతకం కూడా పెట్టాడు.

పోత రోజున ఎండ బాగా కాసింది. కాంక్రీటు కలిపే మిల్లరు తిరుగుతోంది. పనివాళ్ళు వరసగా నిలబడి తట్టలు అందిస్తున్నారు. ఎవరూ కిక్కురుమనడం లేదు. ఊరివాళ్ళు చుట్టూ చేరారు. సువర్చల ఒక పక్కన గొడుగు పట్టుకుని నిలబడింది. భానోజీ కాగితాలు పట్టుకుని తడి స్తంభం దగ్గరికి వచ్చి చదవడం మొదలుపెట్టాడు. అంత జనాన్ని చూసి కాగితంలోకి తల వంచేశాడు. ఇసుక అన్నాడు, సిమెంటు అన్నాడు, అంకెలు గొణిగాడు.

"గట్టిగా సదవండి బాబూ!" అని అరిచింది నూకరత్నం. "మీలో మీరే సదూకుంటే అదేటి ఇంటాది, మేవేటి ఇంటాం?"

తట్ట మోస్తున్న ఒకావిడ కిసుక్కున నవ్వింది. నవ్వి, భయపడి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఆ నవ్వు స్తంభంలోకి ఎక్కేసిందండి," అన్నాడు మేస్త్రీ. "ఇంకేం సేత్తాం, ఉండనివ్వండి."

ఇంకొకరు నవ్వారు. వరసంతా నవ్వింది. తట్టలు చేతులు మారుతుంటే ఎవరో ఎవరినో పేరు పెట్టి పిలిచారు, ఇంకెవరో నీళ్ళడిగారు. సువర్చల గొడుగు మడిచి కింద పెట్టేసింది. భానోజీ మొదటి కాగితం మళ్ళీ పైకి తెచ్చి, ఒకసారి ఆమెకేసి చూసి, గుండెలనిండా ఊపిరి పీల్చుకుని, ఊరంతా వినేలా మొదటినుంచి అందుకున్నాడు.

"ఇసుక. గోదావరి నది ఇసుక..."